శాసనకర్తను సిఫారసుల గుమాస్తాగా మార్చిందెవరు?

పార్లమెంటు సభ్యుల మీద ఈ దేశంలో రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. ఒకటి నియోజకవర్గంలో పుట్టేది: గెలిచాక మళ్లీ ముఖం చూపలేదు. రెండోది దిల్లీలో పుట్టేది: సభలో నోరు విప్పలేదు. మొదటి నేరానికి ఎన్నికల్లో శిక్ష ఉంది. రెండోదానికి లేదు. ఒక బిల్లును చదవకుండా చేయెత్తినందుకు ఓడిపోయిన ఎంపీని ఇన్నేళ్ల విలేఖరి జీవితంలో నేను చూడలేదు. పెళ్లికి రాలేదని, చావుకు పరామర్శించలేదని ఓడిపోయినవారి కథలు మాత్రం ప్రతి జిల్లాలోనూ చెబుతారు.

ఈ రెండు ఫిర్యాదులనూ పక్కపక్కన పెట్టి, పాపం ఎంపీ అటు దిల్లీకీ ఇటు ఊరికీ మధ్య నలిగిపోతున్నారని జాలిపడటం మన రాజకీయ వ్యాఖ్యానానికి అలవాటైపోయింది. ఆ జాలి దండగ. వారానికి ఏడు రోజులే ఉన్నందువల్ల వచ్చిన చిక్కు కాదిది. తూకం దానంతటదే చెడలేదు, చెడగొట్టారు. సభలో పని తగ్గించి, ఊళ్లో సిఫారసు లేఖల పని పెంచి, చట్టాలు చేయాల్సిన మనిషిని అర్జీలు మోసే మనిషిగా మార్చారు. ఇందువల్ల ఎంపీకీ లాభం లేదు, ఓటరుకూ లాభం లేదు. ఏ పార్టీదైనా సరే, అధికారంలో ఉన్న ప్రభుత్వానికే లాభం.

సమావేశాలు జరుగుతున్న ఒక వారాన్ని తీసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు లోక్‌సభలో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాలు, 12 గంటలకు జీరో అవర్, మధ్యాహ్నం బిల్లులు. ఒక్కో మంత్రిత్వశాఖకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు కనుక ఆ రోజు తప్పిపోతే మళ్లీ వారం దాకా ఆగాలి. మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20. ఎవరి ప్రశ్నకు చోటు దక్కుతుందో లాటరీ తేలుస్తుంది. దక్కినవాటిలోనూ గంట ముగిసేలోగా వంతు వచ్చేవి కొన్నే.

శుక్రవారం మధ్యాహ్నం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి. మంత్రి కాని సభ్యుడు సొంతంగా ఒక చట్టాన్ని ప్రతిపాదించుకోగల సమయం అదొక్కటే. సరిగ్గా ఆ వేళకు సభ్యులలో చాలామంది విమానాశ్రయం దారి పడతారు. వారిని తిట్టే ముందు ఒక లెక్క చూడాలి. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి నేటి వరకు ప్రైవేటు సభ్యుల బిల్లులలో చట్టరూపం దాల్చినవి 14 మాత్రమే. చివరిది 1970 నాటిది. అర్ధశతాబ్దం దాటినా ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఫలితం రాదని ముందే తెలిసిన పరీక్షకు ఎవరు మాత్రం కూర్చుని చదువుతారు?

ఇక శనివారం. తెల్లవారేసరికి ఎంపీ ఇంటి ముందు జనం. ఒకరికి తిరుమల బ్రేక్ దర్శనానికి లేఖ కావాలి. ఒకరికి రైల్లో అత్యవసర కోటా కింద బెర్తు. ఒకరికి ఆపరేషన్ ఖర్చుకు ప్రధానమంత్రి సహాయనిధి. ఒకరికి బదిలీ. ఇంకొకరికి వేలిముద్ర పడక ఆగిపోయిన రేషన్. ఆ తర్వాత రెండు గృహప్రవేశాలు, మూడు పెళ్లిళ్లు, ఒక శిలాఫలకం. ఆదివారం కూడా ఇంతే. సోమవారం ఉదయం మళ్లీ దిల్లీ.

ఈ సేవ ఎందరికి అందుతుంది? 2024 ఎన్నికల నాటికి దేశంలో ఓటర్లు సుమారు 97 కోట్లు, లోక్‌సభ స్థానాలు 543. అంటే సగటున ఒక్కో సభ్యుడికి 18 లక్షల మంది ఓటర్లు. ఎంపీ గొప్ప కష్టజీవి అనుకుందాం. ప్రతి శనివారం వందమందిని, ప్రతి ఆదివారం వందమందిని, ఒక్క వారం కూడా తప్పకుండా ఐదేళ్లపాటు కలుసుకున్నా మొత్తం 52 వేలు. నూటికి ముగ్గురు కూడా కాదు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే పెద్దదైన మల్కాజిగిరిలో 37 లక్షల మందికి పైగా ఉన్నారు. అక్కడ నూటికి ఇద్దరు కూడా కాదు. ఆ కొద్దిమంది ఎవరు? మండల నాయకుడు తెలిసినవారు, కారు ఉన్నవారు, కులసంఘంలో మాట చెల్లేవారు. మిగిలిన తొంభై ఏడుగురికి ఎంపీ గోడమీది బొమ్మ.

పైగా సిఫారసు లేఖ కొత్తగా దేన్నీ సృష్టించదు, ఉన్న వరుసను తారుమారు చేస్తుంది. ఒకరికి దక్కిన బెర్తు ఇంకొకరికి దక్కనిది. కేంద్రీయ విద్యాలయాలలో ఒక్కో ఎంపీ ఏటా పది సీట్లకు సిఫారసు చేసే కోటా ఉండేది. పదిమందికి ఇచ్చి వందలమందికి శత్రువులం అవుతున్నాం, పెంచండి లేదా ఎత్తేయండి అని సభ్యులే సభలో మొరపెట్టుకున్నారు. 2022లో ఎత్తేశారు. ఆ తర్వాత అడగాల్సిన అసలు ప్రశ్న, జిల్లాకు ఒకటో రెండో ఉన్న ఆ బడులు పది ఎందుకు కావన్న ప్రశ్న, కోటాతోపాటే అటకెక్కింది. తిరుమలలో తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలు చెల్లడం లేదన్న వివాదం 2024లో ముఖ్యమంత్రుల స్థాయి దాకా వెళ్లింది. ఏదైనా ఒక బిల్లులో ఒక సెక్షన్ గురించి రెండు రాష్ట్రాల ప్రజాప్రతినిధులు అంత పట్టుదలగా కదిలిన సందర్భం వెతుక్కోవాలి.

శనివారం వచ్చే ఆ వేలిముద్ర ఫిర్యాదు వద్ద ఒక్క క్షణం ఆగుదాం. అది ఎక్కడ పుట్టిందో చూస్తే మొత్తం కథ అర్థమవుతుంది. ఆధార్‌కు చట్టబద్ధత ఇచ్చే తొలి బిల్లు 2010లో వచ్చింది. అది యశ్వంత్ సిన్హా అధ్యక్షతన ఉన్న ఆర్థికశాఖ స్థాయీ సంఘానికి వెళ్లింది. 2011 డిసెంబరులో సంఘం ఆ బిల్లును ఆమోదయోగ్యం కాదని తిప్పికొట్టింది. రెక్కల కష్టం మీద బతికేవారి వేలిముద్రలను యంత్రం గుర్తించకపోవచ్చన్న హెచ్చరిక ఆ నివేదికలోనే ఉంది. అంటే పార్లమెంటు సభ్యులు తమ పని తాము చేశారు. ఊళ్లలో రాబోయే కష్టాన్ని ముందే పసిగట్టారు.

నాలుగేళ్లు దాటాక ఏం జరిగింది? కొత్త బిల్లును 2016 మార్చి 3న ప్రవేశపెట్టారు. ఈసారి స్థాయీ సంఘం లేదు. ద్రవ్య బిల్లు అన్న ముద్ర వేశారు కనుక రాజ్యసభకు అడ్డుకునే అధికారమూ లేదు. మార్చి 11న లోక్‌సభ ఆమోదించింది. మార్చి 16, బుధవారం, రాజ్యసభ ఐదు సవరణలు సూచించింది. ఆధార్ వద్దనుకున్నవారు బయటికి వచ్చే వీలు ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆధార్ తీసుకోనివారికి వేరే గుర్తింపుతో లబ్ధి అందాలన్నది మరొకటి. అదే రోజు లోక్‌సభ ఐదింటినీ తిరస్కరించింది. ప్రవేశపెట్టడం నుంచి చివరి అంకం దాకా రెండు వారాలైనా పట్టలేదు.

ఆ బుధవారం సభలో ఒక మాట పడి ఉంటే, ఆ తర్వాతి ఎన్నో శనివారాలు ఎంపీల గుమ్మాల ముందు నిలబడాల్సిన అవసరం లక్షలమందికి తప్పేది. చేతులు అరిగిపోయిన ఉపాధి కూలీ ఈ-పోస్ యంత్రం ముందు వేలు పెట్టి, అది ఒప్పుకోక, ఎంపీ ఇంటికి వస్తుంది. ఎంపీ తహసీల్దారుకు ఫోను చేస్తారు. పని జరుగుతుంది. ఆమె దండం పెట్టి వెళ్తుంది. తన పార్టీ సభలో ఏం చేసిందో ఆమెకు తెలియదు. తెలియనంత కాలం ఆ దండం ఖాయం. సమస్యను సృష్టించే చోట నిశ్శబ్దం, దాన్ని ఒక్కరికి పరిష్కరించే చోట హడావుడి: నియోజకవర్గ సేవ అని మనం మెచ్చుకుంటున్న దానిలో అధికభాగం ఇదే.

నేను చెబుతున్నది శనివారాలు రద్దు చేయమని కాదు. ఆ మాట అనేవారికి చరిత్రలో ఒక పెద్ద మనిషి తోడున్నాడు. 1774లో బ్రిస్టల్ ఓటర్లకు ఎడ్మండ్ బర్క్ ప్రతినిధి ధర్మం గురించి ఉపన్యసించాడు. సభ్యుడు దేశం మొత్తానికి ఆలోచించాలి, ఓటర్ల ఆజ్ఞలు మోసే బంటు కాకూడదు అన్నది దాని సారం. రాజనీతి పాఠాలలో ఈ ఉపన్యాసం తప్పక ఉంటుంది. ఆరేళ్ల తర్వాత, 1780లో, అదే బ్రిస్టల్‌లో గెలిచే ఆశ లేక ఆయన పోటీ నుంచి తప్పుకున్న సంగతి మాత్రం పాఠంలో అంతగా కనిపించదు. ఊరిని మరచి దేశం గురించి ఆలోచించడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు. ఆగిపోయిన పింఛను ఎంత బాధో తెలియని సభ్యుడు పింఛను చట్టం మీద మాట్లాడి ఏం లాభం? అర్జీ చట్టానికి ముడిసరుకు. శనివారం విన్నది బుధవారం సభలో ప్రశ్నగా, సవరణగా, స్థాయీ సంఘంలో అభ్యంతరంగా మారాలి. ఆ దారిని మూసేయడమే అసలు ద్రోహం.

దాన్ని మూసింది ఒక్క పార్టీ కాదు. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చింది. ఫిరాయింపులు ఆగాయా లేదా అన్నది తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆగింది మాత్రం స్వతంత్రంగా ఓటేయడం. విశ్వాస తీర్మానానికే కాక ఏ చిన్న బిల్లుకైనా విప్ జారీ చేయవచ్చు, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. 1957లో ఫిరోజ్ గాంధీ అధికార పార్టీ సభ్యుడిగా ఉండే ముంద్రా కుంభకోణాన్ని సభలో బయటపెట్టాడు. ఆ దెబ్బకు 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన ప్రతిపాదించిన ప్రైవేటు బిల్లు 1956లో చట్టం కూడా అయింది. అటువంటి సభ్యుడికి నేటి పార్టీలలో టికెట్ ఎవరిస్తారు?

1993 ఇంకా విచిత్రమైన సంవత్సరం. ఆ ఏప్రిల్‌లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. ఊరి రోడ్డు, బోరు, బడి గోడ ఇకపై పంచాయతీల పని అని రాజ్యాంగం చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో పి.వి.నరసింహారావు ప్రభుత్వం ఎంపీలాడ్స్ పథకం ప్రారంభించి, ఆ రోడ్డును, ఆ బోరును, ఆ గోడను తెచ్చి ఎంపీ చేతిలో పెట్టింది. మొదట ఐదు లక్షలు, తర్వాత కోటి, రెండు కోట్లు, 2011 నుంచి ఏడాదికి ఐదు కోట్లు. రాజ్యాంగ సమీక్షకు వేసిన వెంకటాచలయ్య కమిషన్ 2002లో దీన్ని రద్దు చేయమంది. రెండో పరిపాలనా సంస్కరణల సంఘమూ అదే చెప్పింది. సుప్రీంకోర్టు 2010లో పథకం రాజ్యాంగబద్ధమేనని తీర్పు ఇచ్చింది. రాజ్యాంగబద్ధమైనదంతా మంచిది కావాలని లేదు.

లెక్క చూడండి. ఉభయ సభల సభ్యులందరి ఎంపీలాడ్స్ కలిపినా ఏడాదికి నాలుగు వేల కోట్లు దాటదు. 2023-24 కేంద్ర బడ్జెట్ 45 లక్షల కోట్లు. అందులో వెయ్యో వంతు కన్నా తక్కువ మీద ఎంపీ తన పేరు చెక్కించుకుంటారు. మిగిలిన మొత్తాన్ని పరిశీలించి, ప్రశ్నించి, మంజూరు చేయాల్సింది కూడా వారే. ఆ ఏడాది మార్చిలో ఏ ఒక్క మంత్రిత్వశాఖ పద్దు మీదా లోక్‌సభలో చర్చ జరగలేదు. గందరగోళం మధ్య గిలటిన్ వేసి అన్నీ ఒకేసారి ఆమోదించారు. సభను నడవనివ్వని ప్రతిపక్షానికీ అందులో వాటా ఉంది. బస్ షెల్టర్ మీద పేరు కోసం పోటీపడే సభ్యులెవరూ ఈ 45 లక్షల కోట్ల గురించి నియోజకవర్గానికి సంజాయిషీ ఇవ్వలేదు. ఎవరూ అడగనూ లేదు.

సభే కూర్చోకపోతే సభ్యుడేం చేస్తాడన్నది న్యాయమైన ప్రశ్నే. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు సమావేశమైతే, 17వ లోక్‌సభ 55 రోజులే సమావేశమైంది. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు స్థాయీ సంఘాల పరిశీలనకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్లినవి 16. 2023 డిసెంబరులో ఉభయ సభల నుంచి 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. శిక్షాస్మృతిని మార్చే మూడు కొత్త చట్టాలు ఆ ఖాళీ బెంచీల ఎదుటే గట్టెక్కాయి. 2021 నవంబరు 29న సాగు చట్టాల రద్దు బిల్లు ఒక్క రోజులోనే, చర్చ లేకుండానే, ఉభయ సభలనూ దాటింది. రైతులు ఏడాదిపాటు రోడ్డు మీద కూర్చున్న విషయం మీద కూడా ఎంపీకి మాట్లాడే అవకాశం లేకపోయింది. 55 రోజుల సభకు ఎంపీ ఎందుకు? మిగిలిన 310 రోజులు ఏదో ఒకటి చేయాలి కదా, అందుకే గృహప్రవేశాలు.

పోనీ సభ నడిచిన రోజుల్లో చదివి వెళ్లడానికి సాయమైనా ఉందా? 2025లో సవరించిన లెక్కల ప్రకారం ఎంపీకి నెలకు ఇచ్చే కార్యాలయ భత్యం 75 వేలు. అందులో 50 వేలు కంప్యూటర్ తెలిసిన ఒక సహాయకుడికి, 25 వేలు కాగితాలకు, కలాలకు. అమెరికా ప్రతినిధుల సభలో ఒక్కో సభ్యుడు 18 మంది శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో ఎంపీకి సగటున 70 వేల పైచిలుకు ఓటర్లే ఉన్నా, సిబ్బంది జీతాలకు ప్రత్యేక నిధి ఉంది. మన ఎంపీకి ఉన్న ఆ ఒక్క సహాయకుడూ సిఫారసు లేఖలు టైపు చేస్తుంటాడు. వంద పేజీల బిల్లును రాత్రికి రాత్రి చదివి సవరణలు రాసేదెవరు?

ఈ నిర్లక్ష్యానికి తెలుగువాళ్లం చెల్లించినంత మూల్యం బహుశా ఇంకెవరూ చెల్లించలేదు. 2014 ఫిబ్రవరి 18న మన రాష్ట్ర విభజన బిల్లు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది. అంతకు ఐదు రోజుల ముందు అదే సభలో మిరియాల స్ప్రే కొట్టారు. విభజన కావాలన్నవారి న్యాయం, వద్దన్నవారి ఆవేదన అలా ఉంచండి. సెక్షన్ సెక్షన్‌గా చర్చ జరగాల్సిన బిల్లు అది. జరగలేదు. ప్రత్యేక హోదా ఆ చట్టంలో లేదు. రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో ఉంది. ఆ నోటి మాటకూ చట్టంలోని అక్షరానికీ తేడా ఎంతో తర్వాతి ప్రభుత్వం మనకు నేర్పింది. తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంచాయితీ పదేళ్లు దాటినా తేలలేదు. అప్పుడు 42 మంది ఎంపీలున్నారు. వారి నియోజకవర్గాలలో శిలాఫలకాలకు కొదవ లేదు. ఆ ఫలకాలన్నీ కలిపి కరిగించినా చట్టంలో రాయని ఒక్క వాక్యానికి సరిరావు.

చేయాల్సింది కొత్తగా కనిపెట్టాల్సినదేమీ కాదు. లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు కూర్చోవాలని వెంకటాచలయ్య కమిషనే చెప్పింది. ఆ తేదీలు ఏడాది ముందే ప్రకటిస్తే ఏ వారం దిల్లీ, ఏ వారం ఊరు అన్నది ఎంపీకీ ఓటరుకూ ముందే తెలుస్తుంది. అనర్హత వేటును విశ్వాస పరీక్షల వంటివాటికే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ప్రతి బిల్లూ స్థాయీ సంఘానికి వెళ్లాలి. మూజువాణి తగ్గించి పేరుపేరునా ఓటు నమోదు చేయాలి. ఎంపీలాడ్స్ సొమ్ము పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ఇచ్చేసి, దాని బదులు ఎంపీకి నలుగురు పరిశోధకులను ఇవ్వాలి.

ఈ సంస్కరణల కోసం ఎదురుచూడకుండానే వాడుకోదగిన ఆయుధం ఒకటి చేతిలో ఉంది. జిల్లాలో కేంద్ర పథకాల అమలును సమీక్షించే దిశ కమిటీకి ఎంపీయే అధ్యక్షులు. అది మూడు నెలలకోసారి జరగాలి. శనివారం వచ్చిన వంద అర్జీలను అక్కడ కలెక్టరు ముందు పెడితే ఎక్కడ అధికారి తప్పు ఉందో, ఎక్కడ చట్టంలోనే లోపం ఉందో విడివిడిగా తేలుతుంది. అధికారి తప్పు అక్కడే సరిచేయవచ్చు. చట్టం లోపాన్ని సభకు తీసుకెళ్లాలి. ఇది చేయడానికి విప్ అడ్డురాదు, అధిష్ఠానం అనుమతీ అక్కరలేదు. ఇదైనా చేయని ఎంపీ వ్యవస్థను నిందించే హక్కు కోల్పోతారు.

రేపు నియోజకవర్గాల పునర్విభజన వస్తుంది. కొత్త లోక్‌సభ మందిరంలో 888 కుర్చీలు వేసి ఉంచారు. ఉత్తరానికెన్ని, దక్షిణానికెన్ని అన్న గొడవలో న్యాయముంది, పోరాడాల్సిందే. కానీ ఏడాదికి 55 రోజులు కూర్చుని, విప్ చెప్పినట్లు చేయెత్తి, శుక్రవారం విమానం ఎక్కే సభ్యులు 543 మంది ఉంటేనేం, 888 మంది ఉంటేనేం? సిఫారసు లేఖల సంఖ్య పెరుగుతుంది, అంతే.

చివరి బాధ్యత ఓటరుదే. ఎంపీ ముఖం చూపలేదని కోపగించుకునే హక్కు మనకుంది. ముఖం చూపినప్పుడు ఏం అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఈసారి శనివారం మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు దర్శనం లేఖ అడగండి, తప్పులేదు. దానితోపాటు ఇంకో రెండు ప్రశ్నలు వేయండి: పోయిన సమావేశాలలో మీరు ఏ బిల్లుకు ఓటేశారు, ఎందుకు? పోయిన శనివారం మేం చెప్పుకున్న కష్టాలలో ఏది సభలో ప్రశ్న అయింది? మొదటి వారం నవ్వి ఊరుకుంటారు. పది ఊళ్లలో పదేపదే అడిగితే, సోమవారం దిల్లీ విమానంలో వారి చేతిలో పెళ్లి కార్డుల బదులు బిల్లు ప్రతి కనిపిస్తుంది.